సంతకానికి ముందు: ఆపరేషన్ ముప్పులు రోగికి అర్థమయ్యేలా, గుర్తుండేలా చెప్పడం ఎలా?

"మీరెలగంతే అలగే బాబూ." శ్రీకాకుళం జిల్లాలో ఏ వార్డులోనైనా కన్సెంట్ ఫారం చేతికిస్తే ముందుగా వినిపించేది ఈ మాటే. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం పెట్టేస్తారు. ఆ మాటలో నమ్మకం ఉంది, గౌరవం ఉంది. విన్నది అర్థమైందో లేదో మాత్రం అందులో తెలియదు. చెప్పిన దానిలో 40 నుంచి 80 శాతం రోగులు అక్కడికక్కడే మరచిపోతారని, గుర్తున్న దానిలోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని వైద్య పత్రికలు రాస్తున్నాయి. కాబట్టి ఒకసారి చెప్పేసి పని అయిపోయిందనుకుంటే, నిజానికి పని మొదలే కాలేదన్నమాట.

ఇది ఇక్కడి ఆస్పత్రుల్లో పనిచేసే హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, డయాలిసిస్ టెక్నీషియన్లు, ఆరోగ్యమిత్రల కోసం. ఉదాహరణకు ఫిస్టులా ఆపరేషన్ తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి డయాలిసిస్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి అవసరమయ్యే ఆపరేషన్ ఇది. చేతిలో ధమనిని, సిరని కలిపి కుడితే కొన్ని వారాలకు సిర లావై, డయాలిసిస్ సూదులకు తట్టుకునేలా తయారవుతుంది. ఆపరేషన్ చిన్నదే. గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం చాలా ఉంది.

ఒక సంగతి ముందే. ముప్పులు వివరించాల్సిన బాధ్యత ఆపరేషన్ చేసే డాక్టరుది. నర్సు, టెక్నీషియన్, ఆరోగ్యమిత్ర ఆ మాటల్ని మళ్లీ చెప్పొచ్చు, అర్థమైందో లేదో చూడొచ్చు. డాక్టరు చెప్పకుండానే వాళ్లు సంతకం తీసుకోకూడదు.

1. ఏవి గుర్తుండాలో ముందు మీరు తేల్చుకోండి

రోగి దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద మూడు గడులు గీయండి.

మొదటి గడిలో "చేయించుకోవాలా, వద్దా" అని తేల్చుకోవడానికి కావాల్సినవి రాయండి. ఫిస్టులాకైతే: మొదటిసారి పెట్టింది పనికి రాకపోవచ్చు, వాడటానికి కనీసం 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆగాలి, కొందరికి చెయ్యి చల్లబడి తిమ్మిరెక్కుతుంది, పెట్టించుకోకపోతే మెడ దగ్గర సిరలో వేసిన గొట్టంతోనే (క్యాథెటర్) డయాలిసిస్ నడపాలి, దానికి చీము పట్టే ముప్పు ఇంకా ఎక్కువ. పొట్టలోంచి చేసే డయాలిసిస్ కుదిరే మనిషైతే అదీ రాయండి.

రెండో గడిలో ఇంట్లో వాళ్లు స్వయంగా కనిపెట్టాల్సినవి, చెయ్యాల్సినవి. ఫిస్టులా మీద వేళ్లు పెడితే తెలిసే జుమ్ము ఆగిపోతే అదే రోజు రావాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తియ్యనివ్వకూడదు, సూది వెయ్యనివ్వకూడదు. రక్తం కారితే కారే చోటే వేలితో నొక్కిపట్టి, చెయ్యి పైకెత్తి, 108కి ఫోన్ చెయ్యాలి. ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే రావాలి.

మూడో గడిలో మిగతావన్నీ. ఇవి కాగితంలో ఉండాలి, అడిగితే చెప్పాలి, అంతే. మొదటి రెండు గడుల్లో నాలుగైదుకి మించి పెడితే అన్నీ కలిసిపోయి ఒక్కటీ మిగలదు. పదిహేను ముప్పులు గుక్క తిప్పుకోకుండా చదివేస్తే మీకు రక్షణ దొరికినట్టు అనిపించొచ్చు, రోగికి మిగిలేది భయమే. 2008లో, రోగి సమ్మతి మీద నడిచిన సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ దీనికి దగ్గరే: చికిత్స ఏమిటి, ఎందుకు, మేలెంత, వేరే దారులేమున్నాయి, చెప్పుకోదగ్గ ముప్పులేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవి చెప్పాలి. ఎక్కడో ఊహకందని ముప్పులన్నీ ఏకరువు పెట్టి రోగిని బెదరగొట్టక్కర్లేదు.

2. వేళ, చోటు, మనుషులు

ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర, స్ట్రెచర్ మీద పడుకున్న మనిషికి చెప్పింది చెప్పినట్టు కాదు. మిడజోలం లాంటి మత్తు మందు పడ్డాక అసలే కాదు. ఆ మందు పడ్డాక విన్నది సరిగా గుర్తుండదు. కనీసం ముందు రోజే చెప్పండి. డయాలిసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు మీ దగ్గరికే వచ్చి నాలుగేసి గంటలు పడుకుంటాడు. ఇంత మంచి అవకాశం మరే ఆపరేషన్‌కీ దొరకదు. ఒక సిట్టింగులో మొదటి గడి, తర్వాతి సిట్టింగులో రెండో గడి చెప్పండి. అదీ మొదటి గంటలోనే. ఆఖర్న బీపీ పడిపోయి, నీరసంతో కళ్లు మూసుకుపోతుంటే ఏం చెప్పినా తలకెక్కదు.

కళ్లద్దాలుంటే పెట్టుకోమనండి. చెవి సరిగా వినపడదంటే వినపడే వైపు కూర్చోండి. మంచం పక్కన నిలబడి కాదు, స్టూలు వేసుకుని కూర్చుని చెప్పండి. మీరు కూర్చుంటేనే వాళ్లు ప్రశ్న అడుగుతారు.

ఇంట్లో నిజంగా చూసుకునే మనిషి పక్కన ఉండాలి. సంతకానికని ఊరి నుంచి వచ్చిన అన్నదమ్ముడు వేరు, రోజూ అన్నం పెట్టి, మాత్రలు ఇచ్చే భార్యో కోడలో వేరు. జుమ్ము ఆగిందని రాత్రి పదింటికి గుర్తించాల్సింది ఆ రెండో మనిషే. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇంట్లో మాట్లాడేవాళ్లు, సీతంపేట కొండల నుంచి వచ్చే సవరలు తెలుగులో తలాడించినా పూర్తిగా అందుకోకపోవచ్చు. వాళ్ల భాష వచ్చిన ఆశా కార్యకర్తనో, సిబ్బందిలో ఒకరినో పిలవండి. బడికెళ్లే పిల్లాడి చేత తర్జుమా చేయించకండి. "నాన్నకి ప్రమాదం" అన్న మాట ఆ పిల్లాడు చెప్పడు, చెప్పమనడం మనకీ తగదు.

3. మాటలు మార్చండి

హౌస్ సర్జన్లలో చాలామంది వేరే జిల్లాల నుంచి వస్తారు. పుస్తకం మాటలతో చిక్కు ఒక్క ఇంగ్లీషులోనే కాదు, తెలుగులోనూ వస్తుంది. ఒకే మాట రోగి చెవిలో మరోలా పడుతుంది.

"నరం" అనే మాట చూడండి. రక్తనాళాన్నీ నరమే అంటాం, నాడినీ నరమే అంటాం. "నరం కోసి కలుపుతాం" అనగానే "సెయ్యి పడిపోద్దేటి బాబూ?" అని భయపడతారు. "రక్తం పారే గొట్టాలు రెండుంటాయి, వాటిని పక్కపక్కన కలిపి కుడతాం. చెయ్యి ఆడించే నరం జోలికి వెళ్లం" అని విడమరచండి. "ఫెయిల్" మాట అసలు వాడకండి. "కిడ్నీ ఫెయిల్" అని విని వచ్చిన మనిషి "ఫిస్టులా ఫెయిల్ కావచ్చు" అంటే ప్రాణం పోతుందనే అనుకుంటాడు. "సరిగా తయారు కాక పనికి రాకుండా పోవచ్చు, అప్పుడు ఇంకో చోట పెట్టాలి" అనండి. "ఇన్ఫెక్షన్" బదులు "చీము పట్టడం". "బయాప్సీ"ని "ముక్క తీసి పరీక్ష" అంటే క్యాన్సరేమోనని, తీస్తే పాకుతుందని అనుకుంటారు. కిడ్నీ బయాప్సీకైతే "సన్నటి సూదితో బియ్యపు గింజంత మందాన రేణువు తీసి, కిడ్నీకి ఏ జబ్బో చూస్తాం. ఇది క్యాన్సర్ పరీక్ష కాదు" అని ముందే చెప్పెయ్యండి. నడుముకి మత్తిస్తే జీవితాంతం నడుంనొప్పి ఉంటుందన్న నమ్మకం ఇంటింటా ఉంది. అడగకపోయినా మీరే ఎత్తి, సూది పడ్డ చోట కొద్దిరోజులు నొప్పి ఉండొచ్చుగానీ ఏళ్ల తరబడి నడుంనొప్పికి అది కారణం కాదని చెప్పండి. మనసులో ఉన్న అనుమానం తీరకపోతే మీరు చెప్పే అసలు ముప్పు లోపలికి వెళ్లదు.

4. అంకెలు

"అరుదుగా", "కొద్దిమందికి", "మామూలుగా" అనే మాటలకి ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది. డాక్టరు "అరుదుగా" అన్నప్పుడు వెయ్యికొకరు అనుకుంటాడు. రోగి పదికొకరు అనుకోవచ్చు, అసలు జరగదనీ అనుకోవచ్చు. అంకె చెప్పండి.

చెప్పేటప్పుడు కింది సంఖ్య, అంటే "ఎంతమందిలో" అన్నది, మార్చకండి. కిడ్నీ బయాప్సీ తర్వాత మూత్రంలో ఎర్రగా రక్తం పడటం సుమారు 30 మందిలో ఒకరికి, రక్తం ఎక్కించాల్సి రావడం సుమారు 100 మందిలో ఒకరికి. ఇలా చెబితే చాలామంది "100" విని రెండోదే పెద్ద ముప్పనుకుంటారు. రెండింటినీ వెయ్యి మీదకి తెచ్చి "వెయ్యి మందిలో సుమారు 35 మందికి మూత్రంలో రక్తం పడుతుంది, వాళ్లలో ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. వెయ్యి మందిలో పదిమందికి దగ్గరగా రక్తం ఎక్కించాల్సి వస్తుంది" అనండి. "ముప్పు రెట్టింపవుతుంది", "సగానికి తగ్గుతుంది" అనే మాటలు వద్దు. వెయ్యికి ఒకరు కాస్తా ఇద్దరైనా రెట్టింపే, వందకి ఇరవై కాస్తా నలభై అయినా రెట్టింపే.

రెండు వైపులా చెప్పండి. ప్రచురితమైన అధ్యయనాలను కలిపి చూస్తే మొదటి ఫిస్టులా పనికి రాకుండా పోయేది నూటికి 20 మందికి కాస్త పైనే. "వందలో సుమారు 20 మందికి పనికి రాదు, 80 మందికి పనికొస్తుంది." ఒక వైపే చెబితే, మీరు ఏ వైపు చెప్పారో ఆ వైపుకే వాళ్లని తోసినట్టు. చెయ్యి చల్లబడటం మణికట్టు దగ్గర పెడితే నూటికి ఒకరిద్దరికి, మోచేతి దగ్గర పెడితే 5 నుంచి 10 మందికి. మీ యూనిట్‌లో రిజిస్టరు సరిగా రాస్తుంటే మీ సొంత లెక్కే చెప్పడం అన్నిటికన్నా మేలు.

పదేసి గడుల వరుసలు పది గీసిన కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి. మొత్తం 100. రోగి ఎదుటే 20 గడులు పెన్నుతో నింపండి. ముందే నింపి తెచ్చిన దానికన్నా కళ్ల ముందు నింపింది బాగా గుర్తుంటుంది. కవిటి, పలాస వైపు వాళ్లకి, అంటే ఉద్దానం వాళ్లకి, కొబ్బరి లెక్క ఇట్టే తెలుస్తుంది: "నూరు కాయలు దింపితే ఇరవై డొల్లవి ఉన్నాయనుకో. పై నుంచి చూసి ఏది డొల్లదో చెప్పలేం కదా. మీ ఫిస్టులా ఆ ఎనభైలో ఉంటుందా, ఇరవైలో ఉంటుందా అన్నది కూడా ముందే చెప్పలేం." శాతాలు చదువుకోని మనిషి కూడా ఈ మాట ఇంకొకరికి చెప్పగలడు. ఇంకొకరికి చెప్పగలిగిందే గుర్తుంటుంది.

5. చేతి మీదే చూపించండి

బొమ్మ గోడ మీద ఉంటే బొమ్మగానే ఉండిపోతుంది. రోగి చెయ్యే పట్టుకుని, కోత పడే చోట మార్కరుతో గీత గీయండి. ఇప్పటికే ఫిస్టులా ఉన్న రోగి పక్క మంచం మీద ఉండి, ఆయన ఒప్పుకుంటే, కొత్తాయన వేళ్లు ఆ చేతి మీద పెట్టించండి. తేనెపట్టు మీద వేలు పెట్టినట్టు వేళ్ల కింద జుమ్మని అదురుతుంది. అర నిమిషం పట్టే పని. "థ్రిల్ చెక్ చేసుకోవాలి" అని పదిసార్లు చెప్పినా రాని జ్ఞానం ఆ అర నిమిషంలో వచ్చేస్తుంది. ఏ చెయ్యి వాడకం తక్కువో అడిగి, ఆపరేషన్ దాకా ఆ చేతికి సెలైన్ సూది కూడా వెయ్యొద్దని పేషెంటుకీ, వార్డు సిస్టర్‌కీ ఒకేసారి చెప్పండి.

6. తిరిగి చెప్పించండి

"అర్థమైందా?" అని అడిగితే "అయ్యింది బాబూ" అనే జవాబే వస్తుంది. కాలేదని పెద్ద డాక్టరు ముఖం మీద చెప్పేవాళ్లుండరు. ఆ ప్రశ్న మానెయ్యండి. పరీక్ష పెడుతున్నట్టు కాకుండా, భారం మీ మీద వేసుకుని అడగండి. ఇలా:

"నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి బాబాయ్. ఇంటికెళ్లాక పిన్ని అడిగితే ఏమని చెప్తావు?"

"ఈ సేతికి సిన్న ఆపరేసనట. రొండు గొట్టాలు కలిపి కుడతారట. రేపట్నుంచి ఈ సెయ్యికే సూదులేసి రక్తం కడుగుతారట."

మొదటి రెండు మాటలూ సరైనవే. మూడోది తప్పు, అదీ పెద్ద తప్పు. ఈ నమ్మకంతో ఇంటికెళితే వారం తర్వాత "ఇంకా మెడలోనే ఏత్తన్నారు, ఆపరేసన్ సెడిపోనాది" అని ఊరంతా చెబుతాడు. "కాదు" అని అడ్డుకోకండి. సరైనదాన్ని ఒప్పుకుని, తప్పినదాన్నే మళ్లీ చెప్పండి, మాటలు మార్చి:

"రెండు గొట్టాలు కుడతామన్నది సరిగ్గా చెప్పావు. ఒక్కటి నేనే గట్టిగా చెప్పలేదు. కొత్తగా వేసిన అంటు వెంటనే కాయదు కదా. ఇదీ తయారవడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పడుతుంది. అందాకా మెడ గొట్టంతోనే. ఇప్పుడు చెప్పు, ఈ చేతికి సూది ఎప్పుడు వేస్తారు?"

"రొండు మూడు నెలలకి. అందాక మెడలోదే."

ఇదీ సమాధానం. ఒక్కో గడి అయ్యాక ఇలా అడగాలి, అంతా చెప్పేశాక ఆఖర్న ఒకేసారి కాదు. రెండుసార్లు మార్చి చెప్పినా తప్పుగానే వస్తుంటే లోపం వినే మనిషిదనుకోకండి. బొమ్మ మార్చండి, లేదా మర్నాటికి వాయిదా వెయ్యండి. ఒంట్లో యూరియా పెరిగినవాళ్లకి ఒక్కోరోజు బుర్ర మందంగా ఉంటుంది, డయాలిసిస్ అయిన మర్నాడు తేటగా ఉంటారు. పక్కనున్న కోడలిని కూడా విడిగా అడగండి. "జుమ్ము ఆగితే ఏం చేస్తావమ్మా?" అన్న ప్రశ్నకి "సోమవారం డయాలిసిస్‌కి ఎలాగూ వస్తాం కదా, అప్పుడు చెప్తాం" అని జవాబు వస్తే ఫిస్టులాలో గడ్డకట్టిన రక్తాన్ని తొలగించే అవకాశం అప్పటికి జారిపోవచ్చని చెప్పాలి. ఒకటి రెండు రోజుల్లో వస్తేనే చాలాసార్లు పనికొస్తుంది.

7. "ఏటీ అవదు కదా బాబూ?"

అన్నీ చక్కగా చెప్పి లేవబోతుంటే తల్లో, భార్యో చేతులు పట్టుకుని అడిగే ప్రశ్న ఇది. అలసటతోనో, జాలితోనో "ఏమీ అవదమ్మా" అనేస్తాం. అంతవరకూ చెప్పిందంతా అక్కడితో కొట్టుకుపోతుంది. ఇంటికి తీసుకెళ్లేది ఆ ఒక్క మాటే. తర్వాత నిజంగా ఏదైనా అయితే "ఏటీ అవదన్నారు" అని వాళ్లు అనడంలో తప్పేముంది?

ప్రాణం గురించి అడిగితే ప్రాణం గురించే నేరుగా చెప్పండి: "ఈ ఆపరేషన్‌లో ప్రాణానికి ముప్పు చాలా తక్కువ. ఫిస్టులా పనికి రాకుండా పోవచ్చు, ఇందాక చెప్పిన ఇరవై లెక్క అదే. చెయ్యికి ఇబ్బందీ రావొచ్చు. వస్తే ఏం చెయ్యాలో మాకు తెలుసు, ఎప్పుడు రావాలో మీకు తెలియాలి." తర్వాత వెంటనే రెండో గడిలో మొదటి వాక్యం మళ్లీ చెప్పండి. భయంలో ఉన్న మనిషికి చేతిలో ఒక పని పెట్టడమే ధైర్యం.

8. ఇంటికి పంపేవి

ఒకే పేజీ, ఒక వైపే, పెద్ద అక్షరాలు, వాడుక తెలుగు. పైన రెండో గడిలోని నాలుగు వాక్యాలు, కింద ఫోన్ నంబరు. పూర్తి ఫారం కూడా ముందు రోజే చదవడానికి ఇవ్వండి.

చదవలేని ఇళ్లకి కాగితం కన్నా ఫోనే పనికొస్తుంది. రోగిని అడిగి, మీ మాటల్నే ఒకటిన్నర నిమిషం వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వాళ్ల ఫోన్‌కి పంపండి. విశాఖలోనో, చెన్నైలోనో పనిచేసే కొడుకు కూడా అదే వింటాడు. పదిమంది పది రకాలుగా చెప్పుకోవడం తగ్గుతుంది. ఆ మెసేజ్‌లో రోగి జబ్బు వివరాలు, రిపోర్టులు చెప్పకండి, జాగ్రత్తలే చెప్పండి. ఊళ్లో ఆ మెసేజ్ ఎన్ని ఫోన్లకి వెళ్తుందో మన చేతిలో ఉండదు.

9. సంతకం, వేలిముద్ర, కేసు షీటు

పద్దెనిమిదేళ్లు నిండి, స్పృహలో, తెలివిలో ఉన్న మనిషి సంతకం తనే పెట్టాలి. భర్త సంతకం, కొడుకు సంతకం దానికి బదులు కావు. ఇందాకటి 2008 కేసులో మత్తులో ఉన్న, పద్దెనిమిదేళ్లు దాటిన రోగి తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకి ఒప్పుకున్నంత మాత్రాన చికిత్సకి కూడా ఒప్పుకున్నట్టు కాదనీ అంది. ప్రాణం మీదికొచ్చి ఆగడానికి వీల్లేనప్పుడు మాత్రమే మినహాయింపు. ఇక్కడ ఆడవాళ్ల ఆపరేషన్లకి ఇంటాయన సంతకం తీసుకుని సరిపెట్టడం ఇంకా ఉంది. అది మానాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కైనా కావాల్సింది ఆమె సమ్మతే. ఆ ఆపరేషన్ తర్వాత కూడా సుమారు 200 మందిలో ఒకరికి గర్భం రావొచ్చన్నది, నెల తప్పితే రెండు వారాల్లోపు రావాలన్నది ఆమెకే గుర్తుండాలి.

వేలిముద్ర వేయించుకునేటప్పుడు సాక్షిగా సంతకం పెట్టే మనిషి వివరణ అంతా పక్కనుండి విన్నవాళ్లై ఉండాలి. వరండాలో పోతున్నవాళ్లని పిలిచి పెట్టించే సంతకం సాక్ష్యం కాదు.

కేసు షీటులో "ముప్పులు వివరించడమైనది" అని ఒక ముక్క రాసి వదిలెయ్యకండి. తేదీ, సమయం, పక్కనున్నది ఎవరు, ఏ ముప్పులు ఏ అంకెలతో చెప్పారు, రోగి ఏం అడిగారు రాయండి. దాని కింద రోగి తిరిగి చెప్పిన వాక్యాన్ని ఆయన మాటల్లోనే: "రొండు మూడు నెలలకి ఈ సేతికి సూది. జుమ్ము ఆగితే అదే రోజు రావాల." ఫారంలో ఉన్న అచ్చు వాక్యాలన్నిటికన్నా ఈ ఒక్క వరుసకి బలమెక్కువ.

10. ఆపరేషన్ రోజు పొద్దున, ఆ తర్వాత

మందు ఏదీ పడక ముందు మూడే ప్రశ్నలు: ఏ చేతికి? ఎప్పటి నుంచి వాడతాం? జుమ్ము ఆగితే? జవాబు తడబడితే అక్కడికక్కడే మళ్లీ చెప్పండి, సర్జన్‌కి చెప్పండి. రాత్రి ఎవరో ఏదో చెప్పగా విని "ఒద్దు బాబూ" అంటే కోప్పడకండి. ఏం విన్నారో అడగండి. చాలాసార్లు పక్క ఊళ్లో ఎవరికో అయిన వేరే ఆపరేషన్ కథ అయి ఉంటుంది. తేడా విడమరచి చెప్పాక కూడా వద్దంటే, సంతకం పెట్టినా సరే, ఆపాల్సిందే. మెడ గొట్టంతో ఎన్నాళ్లు నడపొచ్చో, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందామో చెప్పి పంపండి.

ఆపరేషన్ అయి కట్టు విప్పిన రోజు రోగి వేళ్లని, తోడొచ్చిన మనిషి వేళ్లని ఫిస్టులా మీద పెట్టించి జుమ్ము తెలుస్తోందా అని అడగండి. రోజూ పొద్దున ముఖం కడుక్కున్నాక, రాత్రి పడుకోబోయే ముందు చూసుకోమనండి. ఆ చేతికి బిగుతు గాజులు, తాయెత్తు దారాలు, గడియారం ఉంటే అక్కడే తీయించండి. "ఇది ఆగిపోతే?" అని ఇద్దరినీ విడివిడిగా అడిగి, జవాబు విన్నాకే డిశ్చార్జి కాగితం చేతికివ్వండి.